గేరు ఎప్పుడు మార్చాలో లోడే చెబుతుంది

మా డైనింగ్ టేబుల్ మీద ఒక చెక్క పలక ఉంటుంది. పాత మంచానిది, మూడడుగుల పొడుగు. ఒక చివర కింద పుస్తకాలు పేరిస్తే ఏటవాలు వస్తుంది. నాలుగు పుస్తకాలు పెడితే కైలాసగిరి, ఏడు పెడితే సింహాచలం ఘాట్ అని మా మేనల్లుడు పేర్లు పెట్టాడు. ఆ పలక మీద లెగో ముక్కలతో కట్టిన ఒక చిన్న లారీ ఎక్కుతుంది. చదునులో పరుగు తీస్తుంది. వాలు మొదలవగానే మోటారు గొంతు బరువెక్కుతుంది. ఆగిపోతుందేమో అనిపించే క్షణంలో లోపల 'టక్' మని చప్పుడు. అక్కడి నుంచి నెమ్మదిగా, కానీ ఎక్కడా ఆగకుండా పైదాకా వెళ్తుంది. పైన అట్ట పరిచిన చదును రాగానే మళ్లీ 'టక్', మళ్లీ పరుగు.

ఆ లారీలో కంప్యూటర్ లేదు. సెన్సర్ లేదు. గేరు మార్చడానికి వేరే మోటారు కూడా లేదు. ఉన్నది ఒక మోటారు, బ్యాటరీ డబ్బా, పళ్ల చక్రాలు, రెండు రబ్బరు బ్యాండ్లు. వాలు వచ్చిందన్న కబురు దానికి వాలే అందించింది.

ఆ ఒక్క 'టక్' కోసం ఐదు నెలల ఆదివారాలు కూర్చున్నాను. అన్నాళ్లు కూర్చున్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. పిల్లలకు యంత్రాలు నేర్పేటప్పుడు మొదటి రోజే సెన్సర్, కోడ్ చేతికిచ్చేస్తున్నాం. ముందు యంత్రం తన ఆకారంతోనే ఎలా నిర్ణయం తీసుకోగలదో వాళ్ల వేళ్లకు తెలియాలి. అందుకు లెగోతో ఆటోమేటిక్ గేర్‌బాక్సు కట్టించడం కంటే మంచి పాఠం నాకింతవరకు దొరకలేదు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. చేసేది బ్యాంకు ఉద్యోగం. థియరీ ఆఫ్ మెషీన్స్ పరీక్షలో ఎపిసైక్లిక్ గేర్ ట్రెయిన్ లెక్క, అంటే ఒక గేరు చుట్టూ ఇంకో గేరు తిరిగే అమరిక లెక్క, ఖాయంగా వచ్చేది. పట్టిక గీసి, ఒక అడ్డు వరుసలో ఎక్స్, ఇంకో వరుసలో వై రాసి, కూడి, జవాబు తేల్చేవాళ్లం. ఆ లెక్క నేనెప్పుడూ తప్పు చేయలేదు. కానీ నాలుగేళ్లలో అలాంటి గేర్ల జతను ఒక్కసారైనా చేత్తో తిప్పి చూడలేదు. ఇరుసు మీద వేలు పెట్టి, ఒకవైపు పట్టుకుంటే రెండో వైపు ఎందుకు వేగం పెరుగుతుందో తెలుసుకోలేదు. అది తెలిసింది నలభై దాటాక, మురళీనగర్‌లో మా ఇంటి టేబుల్ దగ్గర, మేనల్లుడి లెగో డబ్బాలో దొరికిన ఒక డిఫరెన్షియల్‌తో.

లెగోలో చాలామంది చూసేది మామూలు ఇటుకల్నే. 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో మొదలైన ఆ కంపెనీ, ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958లో పేటెంట్ తీసుకుంది. గేర్లు, ఇరుసులు, రంధ్రాల పట్టీలు ఉండే టెక్నిక్ వరుస 1977లో వచ్చింది. నాకు ముచ్చటేసేది ఆ గేర్ల వెనక ఉన్న లెక్క. పక్కపక్కన ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. గేర్లను కూడా అదే కొలతకు ముడిపెట్టారు. 8 పళ్ల గేరు పని వ్యాసం 8 మిల్లీమీటర్లు, 24 పళ్లదానికి 24. అంటే రెండు గేర్ల పళ్లు కూడి సగం చేస్తే, వాటి ఇరుసుల మధ్య ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో వచ్చేస్తుంది. 8, 24 కలిస్తే 32, సగం 16, సరిగ్గా రెండు రంధ్రాలు. 16, 16 కలిసినా 32. 12, 20 కలిసినా 32. ఒకే రెండు ఇరుసుల మీద మూడింతల తేడా, ఒకటీ ముప్పావుకి దగ్గరి తేడా, సమానం, మూడూ పక్కపక్కనే కూర్చుంటాయి. అదే 16, 24 తీసుకోండి. మొత్తం 40, సగం 20, రెండున్నర రంధ్రాలు. మామూలు పట్టీలో అర రంధ్రం ఉండదు కాబట్టి ఆ జత కుదరదు. ఎనిమిదో తరగతి పిల్లలకు భిన్నాలు, నిష్పత్తులు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? తప్పు లెక్క వేస్తే గేరు పట్టదు. టీచరు వచ్చి దిద్దాల్సిన పనే లేదు.

ఆటోమేటిక్ సంగతికి వస్తాను. విశాఖలో సగం ఇళ్ల ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్సు నిలబడి ఉంటుంది, మనం దాన్ని ఆ పేరుతో పిలవం. స్కూటీ అంటాం, ఆక్టివా అంటాం. మన దేశంలో గేర్లు మార్చక్కర్లేని స్కూటరుగా 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు జనం దాన్ని ఆడవాళ్ల బండి అన్నారట. ఇప్పుడు ఇద్దరు మనుషులు, మధ్యలో బియ్యం బస్తా, అదే రకం బండి సింహాచలం ఘాట్ ఎక్కేస్తుంది. ఎలా ఎక్కుతుందో నాకు కంచరపాలెంలో మెకానిక్ బాబాయ్ చూపించాడు. మా బండి బెల్టు మార్చడానికి ఇస్తే, ఎడమవైపు డబ్బా విప్పి ముక్కలన్నీ గోనెపట్టా మీద పరిచాడు. ముందు పుల్లీలో ఆరు చిన్న రోలర్లు. వేగం పెరిగితే అవి బయటికి జరిగి, పుల్లీ పలకల్ని దగ్గరికి నెట్టి, బెల్టును పైకి ఎక్కిస్తాయి. ఇంతవరకు నాకు తెలుసు. తెలియనిది వెనక పుల్లీలో ఉంది. దాని గొట్టం మీద వాలుగా కోసిన గాడులు, వాటిలో చిన్న పిన్నులు.

"ఇదేటి బాబాయ్, గాడి ఇలా వంకరగా ఉంది?"

"లోడు పడితే ఇది మెలిక తిరుగుద్దమ్మా. మెలిక తిరిగితే పలక బెల్టుని నొక్కుద్ది. డౌన్ గేరన్నమాట. రోలర్లకి స్పీడే తెలుసు. బరువు తెలిసింది దీనికి."

ఆ పిన్ను చేతిలోకి తీసుకుని చూశాను. గ్రీజుతో నల్లగా, నా చిటికెన వేలి గోరంత ఉంది. ఒక పక్క కాస్త అరిగి మెరుస్తోంది. ఇన్నేళ్లూ నన్ను కొండ ఎక్కించింది ఆ అరుగుదలే. 'బరువు తెలిసింది దీనికి' అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను.

బరువు తెలియాలంటే లెగోలో దారి డిఫరెన్షియల్. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం, బయటి చక్రం వేరు వేరు వేగాలతో తిరగనిచ్చేది అదే. చాలామంది దాని గురించి వేగం దగ్గరే ఆగిపోతారు. నాకు పనికొచ్చింది దాని రెండో గుణం. అది రెండు వైపులకూ మెలితిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని, ఎప్పుడూ సమానంగా పంచుతుంది. కాబట్టి ఒక వైపును లారీ నడకకు ఇచ్చి, రెండో వైపుకు ఒక మీట బిగించి, ఆ మీటను రబ్బరు బ్యాండుతో వెనక్కి లాగి పట్టుకుంటే, చక్రాల మీద ఎంత భారం పడుతోందో అంతా మీట మీద కూడా పడుతుంది. భారం బ్యాండు బలాన్ని మించిన క్షణాన మీట కదులుతుంది. ఆ కదలికతోనే గేరు మార్చే రింగును పక్కకు నెట్టొచ్చు. కొలిచేదీ అదే, నిర్ణయించేదీ అదే, పని చేసేదీ అదే.

మొదటిసారి కట్టి పలక మీద వదిలితే వాలు దగ్గర 'టక్' అంది. నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మరుక్షణం మళ్లీ 'టక్'. ఆ వెంటనే ఇంకోటి. టకటకటకా అని కుట్టు మిషన్‌లా కొట్టుకుంటూ, లారీ ఉన్నచోటే వణికింది.

ఈ జబ్బు గురించి కాస్త నిలబడి చెప్పాలి, అసలు పాఠమంతా ఇక్కడే ఉంది. నేను డిఫరెన్షియల్‌ని మోటారుకీ గేర్‌బాక్సుకీ మధ్య పెట్టాను. రెండు గేర్ల మధ్య మూడింతల తేడా పెట్టాను, పెద్ద తేడా ఉంటే కొండ బాగా ఎక్కుతుందని. ఇప్పుడు చూడండి. మోటారు వైపు భారం 10 అనుకుందాం, బ్యాండు లొంగింది, చిన్న గేరు, అంటే వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చేది, పడింది. చిన్న గేరు పడగానే మోటారు మీద భారం మూడో వంతుకు, 3కి కాస్త పైకి, పడిపోతుంది. గేరు ఉన్నదే అందుకు. కానీ నా మీట మోటారు వైపే వింటోంది కాబట్టి, 'భారం తగ్గింది, వాలు అయిపోయింది' అనుకుని మళ్లీ పెద్ద గేరులోకి వెళ్లింది. వెళ్లగానే భారం మళ్లీ 10. వాలు అంగుళం కూడా మారలేదు. యంత్రం తాను చేసిన పని వల్ల వచ్చిన మార్పును లోకంలో వచ్చిన మార్పు అనుకుంది.

ఇది బొమ్మల లారీ జబ్బు అనుకోకండి. ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపులో పెట్టడానికి 1788లో జేమ్స్ వాట్ గుండ్రంగా తిరిగే రెండు బంతుల గవర్నర్‌ను వాడాడు. తర్వాతి కాలంలో అలాంటి గవర్నర్లు కొన్ని స్థిరపడకుండా అటూ ఇటూ ఊగిసలాడేవి. ఇంజనీర్లు దానికి 'హంటింగ్' అని పేరు పెట్టారు. విద్యుదయస్కాంత సమీకరణాలు రాసిన జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లో గవర్నర్ల మీద ఒక పరిశోధన పత్రం రాశాడు, ఏ యంత్రం స్థిరపడుతుంది, ఏది ఊగుతుంది అని. మా టేబుల్ మీద వణుకుతున్న లారీకి ఆయన లెక్కకట్టిన యంత్రాలతో బంధుత్వం ఉందని తెలిసిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మందు మూడు రకాలుగా దొరికింది.

మొదటిది తేడా తగ్గించడం. మూడింతల జత తీసేసి 12, 20 పళ్ల జత పెట్టాను. ఇప్పుడు చిన్న గేరు పడ్డాక భారం 10 నుంచి 6కు వస్తుంది, 3కు పడిపోదు. మీట వెనక్కి రావడానికి తొందరపడదు. ఎక్కువ గేర్లు, చిన్న మెట్లు ఉన్న పెద్ద ఆటోమేటిక్ బళ్లు ఎందుకంత మెత్తగా నడుస్తాయో నాకు ఇక్కడ కొంత అర్థమైంది.

రెండోది వినే చోటు మార్చడం. ఇది నాన్న వల్ల తట్టింది. నాన్న పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. టేబుల్ పక్కన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఆ టకటక విని, "మోటారు మాట వింటున్నావమ్మా. హుక్కు దగ్గర ఏం ఉందో వినాలి" అన్నారు. హుక్కు అంటే ఇక్కడ చక్రాలు. డిఫరెన్షియల్‌ని గేర్‌బాక్సు దాటించి చక్రాల వైపు పెట్టాను. చక్రాల మీద పడే భారం వాలును బట్టి, మోసే బరువును బట్టి ఉంటుంది. మనం ఏ గేరులో ఉన్నామన్నది దానికి పట్టదు. గేరు మారినా మీటకు అందే కబురు మారదు. పైన చెప్పిన అపార్థానికి తావే లేదు. కాకపోతే ఆ వైపు బలం ఎక్కువ, ఇరుసు ప్లాస్టిక్ కళ్లముందే మెలిక పడుతుంది. పొడుగు ఇరుసు తీసేసి పొట్టిది వేశాను, బ్యాండు గట్టిది వేశాను.

అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. నాకు దీన్ని పట్టుకోవడానికే నెల పట్టింది. గేరు మార్చే రింగు పెద్ద గేరును వదిలి చిన్న గేరును అందుకునే లోపు, మధ్యలో కాసేపు ఏ గేరూ పట్టుకోని చోటు ఉంటుంది. న్యూట్రల్. ఆ చోట చక్రాలకు బలమే వెళ్లదు, కాబట్టి మీట మీద భారమూ ఉండదు. భారం లేకపోతే బ్యాండు మీటను వెనక్కి లాగేస్తుంది. అంటే ఏ బలంతో గేరు మార్చాలనుకున్నానో, సగం దారిలో ఆ బలమే మాయమైపోతోంది. నది మధ్యలో తెడ్డు జారిపోయినట్టు.

దీనికి జవాబు మా హాల్లో గోడ మీద ఉంది. పాత నల్ల స్విచ్చు. నెమ్మదిగా నొక్కుతూ పోండి, సగం వరకు ఎదురు తిరుగుతుంది, ఒక గీత దాటగానే మిగతా దారి తానే 'టక్'మని పడుతుంది. లోపలి స్ప్రింగు మధ్యగీతకు అటున్నప్పుడు అటు లాగుతుంది, ఇటున్నప్పుడు ఇటు లాగుతుంది. నా మీటకూ రెండో రబ్బరు బ్యాండు అలాగే కట్టాను, మధ్యగీత మీదుగా. భారం మీటను గీత దాకా తోస్తే చాలు, న్యూట్రల్ దాటించే పని ఆ బ్యాండు చూసుకుంటుంది. మొదటి బ్యాండు మాత్రం భారం బాగా తగ్గినప్పుడు మీటను మళ్లీ వెనక్కి తెస్తుంది. దీనితో మూడో మందు కూడా దానంతట అదే వచ్చింది. వెళ్లడానికి కావలసిన భారం ఎక్కువ, తిరిగి రావడానికి భారం చాలా తగ్గాలి. రెండింటి మధ్య ఎడం ఉంటుంది. పుస్తకాల్లో హిస్టెరిసిస్ అంటారు. ఫ్రిజ్ కంప్రెసర్ నిమిషానికోసారి ఆగి మొదలవకుండా కాపాడేది కూడా ఈ ఎడమే.

బ్యాండ్ల గురించి ఒక మాట. ఆఫీసులో దొరికే పసుపు బ్యాండ్లు ఈ ఊరి ఉక్కకు నిలవవు. ఏప్రిల్లో సరిచేసి పెట్టిన లారీ, మే నెలాఖరుకు చదునులోనే చిన్న గేరు వేసుకోవడం మొదలుపెట్టింది. నాన్న పాత సైకిలు ట్యూబు తెచ్చి, కత్తెరతో సన్నటి వలయాలుగా కోసిచ్చారు. ఎంత సన్నగా కోస్తే అంత తేలిగ్గా గేరు మారుతుంది. రెండు మిల్లీమీటర్ల వెడల్పు దగ్గర మాకు సరిపోయింది. అవి ఇంకా పనిచేస్తున్నాయి.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి. తొమ్మిదో తరగతి. శని, ఆదివారాలు రోబోటిక్స్ క్లాసుకు వెళ్తాడు. నా టకటక చూసిన రోజే అన్నాడు, "అత్తా, ఇంత టెన్షన్ ఎందుకు? టిల్ట్ సెన్సర్ ఒకటి పెట్టి, చిన్న మోటారుతో గేరు మార్చేస్తే పోలా? ఇరవై లైన్ల కోడ్."

వాడి మాటను తేలిగ్గా తీసెయ్యను. లోకంలో చాలా బళ్లు అలాగే నడుస్తున్నాయి. 2014లో మన దేశంలో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ సరిగ్గా ఇదే ఆలోచన. మామూలు మాన్యువల్ గేర్‌బాక్సుకు క్లచ్ తొక్కే యంత్రం, గేరు మార్చే యంత్రం, వాటికి ఆజ్ఞలిచ్చే కంప్యూటర్ తగిలించారు. ఆటోమేటిక్ కారు మధ్యతరగతి ఇంటికి అందింది ఆ దారిలోనే. రోజూ ఎన్ఏడీ జంక్షన్ రద్దీ దాటి ఆఫీసుకు వెళ్లే నాకు ఎడమ కాలికి ఆ విశ్రాంతి విలువ తెలుసు.

కానీ వాడితో ఒక పందెం వేశాను. టిల్ట్ సెన్సర్ పెట్టి వాడి లారీ కట్టాడు. వాలు మీద చక్కగా గేరు మార్చింది. అప్పుడు వంటింట్లోంచి కిలో కందిపప్పు ప్యాకెట్ తెచ్చి, చదునులో రెండు లారీల మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. నాది 'టక్'మని చిన్న గేరులోకి దిగి నడిచింది. వాడిది పెద్ద గేరులోనే మూలిగి ఆగిపోయింది. నేల చదునుగా ఉంది కదా, సెన్సర్ తప్పేమీ చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే తప్పు. కొండకు గేరు కావాలని అనుకుంటాం. గేరు కావలసింది భారానికి.

వాడు ఊరుకోలేదు. మోటారు తీసుకునే కరెంటును కొలిచి, అది ఎక్కువైతే గేరు మార్చేలా కోడ్ రాశాడు. తెలివైన పని, కరెంటు భారాన్ని నిజంగానే చెబుతుంది. పలక మీద వదిలాడు. టక్ టక్ టక్ టక్. నా మొదటి లారీ జబ్బే, అక్షరం పొల్లుపోకుండా. వాడూ మోటారు వైపే వింటున్నాడు మరి. ఆ సాయంత్రం వాడు స్క్రీన్ ముందు నుంచి లేచి వచ్చి, నా లారీ విప్పి, మధ్యగీత మీద కట్టిన ట్యూబు ముక్కను వేలితో లాగి వదులుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత వెళ్లి కోడ్‌లో ఒక అంకె ఉన్నచోట రెండు అంకెలు పెట్టాడు, చిన్న గేరుకు దిగడానికి ఒకటి, మళ్లీ పెద్ద గేరుకు ఎక్కడానికి ఒకటి. వాడి లారీ కుదుటపడింది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఆ రెండో అంకె వాడికి రబ్బరు బ్యాండు నేర్పింది. కోడ్ నేర్పలేదు, క్లాసు నేర్పలేదు. కోడ్‌లో ఆ అంకె ఎవరైనా చెబితే పెట్టేసే ఒక లైను. బ్యాండులో అది వేలికి తగులుతుంది.

తర్వాత వాడు నా పద్ధతిలో, సెన్సర్ లేకుండా, తన సొంత లారీ కట్టి ఒక ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాడు. మార్కుల కాగితంలో ప్రోగ్రామింగ్ అన్న గడిలో సున్నా వేశారు. 'ఇందులో ఆటోమేషన్ ఎక్కడుంది?' అని అడిగారట. తనంతట తాను గేరు మార్చుకుంటున్న బండిని ముందు పెట్టుకుని అడిగిన ప్రశ్న అది. నాకు ఆ న్యాయనిర్ణేతల మీద కోపం లేదు, ఆ కాగితం మీద ఉంది. 1939 చివర్లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ గేర్‌బాక్సు ఇచ్చింది. ముందుకు నాలుగు గేర్లు, తనంతట తానే మార్చుకునేది. వేగాన్ని బట్టి పెరిగే నూనె ఒత్తిడి ఒకవైపు, యాక్సిలరేటర్ తొక్కుడును బట్టి వచ్చే ఒత్తిడి ఇంకోవైపు, మధ్యలో వాల్వులు. ఎలక్ట్రానిక్స్ ఆ పనిని విరివిగా అందుకున్నది 1980ల నుంచే. అన్ని దశాబ్దాలు లక్షల కార్లు నూనె, స్ప్రింగు, ఉక్కుతోనే నిర్ణయాలు తీసుకున్నాయి. ఆ మార్కుల కాగితం ప్రకారం వాటన్నిటికీ సున్నానే.

బొమ్మ ముక్కలతో ఏం తేలుతుందిలే అనేవాళ్లకు ఒక సంగతి. 1934లో మాంచెస్టర్‌లో డగ్లస్ హార్ట్రీ, ఆర్థర్ పోర్టర్ అవకలన సమీకరణాలను సాధించే యంత్రం నమూనాను మెకానో బొమ్మ ముక్కలతో కట్టారు. బొమ్మలతో కట్టినా అది నిజమైన లెక్కలు చేసింది.

ఇక సెట్ల విషయం. 2018లో వచ్చిన లెగో బుగాటి షిరాన్‌లో 3,599 ముక్కలు, 8 గేర్లు ఉన్నాయి. చూడముచ్చటైన పని. కానీ అందులో గేరు ఎప్పుడు మార్చాలో తెలుసుకునేది మన వేలు. పుస్తకం చూసి ఒక్కో మెట్టు కట్టుకుంటూ పోతే చివరికి బొమ్మ వస్తుంది, అది ఎందుకు అలా ఉందన్నది రాదు. ఖరీదూ తక్కువేం కాదు. నా మాట అడిగితే పిల్లలకు విడి గేర్లు పది, రంధ్రాల పట్టీలు ఇరవై, ఒక డిఫరెన్షియల్, ఒక మోటారు కొనివ్వండి. పుస్తకం వద్దు.

మా మేనల్లుడు ఇప్పుడు రెండో రకం గేర్‌బాక్సు మీద ఉన్నాడు. ఇందులో మీట లేదు, జరిగే రింగు లేదు. లెగోలో తెల్లటి 24 పళ్ల గేరు ఒకటుంది, మధ్యలో జారే క్లచ్ ఉంటుంది. దాని మీద 2.5 నుంచి 5 న్యూటన్ సెంటీమీటర్లు అని అంకెలు పోత పోసి ఉంటాయి. బలం అంతకు మించితే కటకటమంటూ జారుతుంది. డిఫరెన్షియల్ ఒక వైపు మోటారు, దాని పెట్టెకు, అంటే లోపలి గేర్లను మోస్తూ తిరిగే బయటి డబ్బాకు, చక్రాలు. ఆ రెంటినీ ఈ తెల్ల గేరుతో కలిపాడు. మిగిలిన వైపుకు సైకిలు ఫ్రీవీల్‌లాంటి ఒకవైపు పట్టు పెట్టాడు, ముందుకు తిరగొచ్చు, వెనక్కి తిరగలేదు. భారం తక్కువగా ఉంటే తెల్ల గేరు జారదు, అంతా ఒక ముద్దలా తిరుగుతుంది, మోటారు వేగమే చక్రాలకు. భారం పెరిగితే తెల్ల గేరు జారుతుంది, మూడో వైపు వెనక్కి తిరగబోయి పట్టు దగ్గర ఆగుతుంది, అప్పుడు చక్రాలకు సరిగ్గా సగం వేగం, ఎక్కువ బలం. న్యూట్రల్ అన్నదే లేదు. ఒక క్షణం కూడా బలం తెగదు. పెద్ద ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో ప్లానెటరీ గేర్లు, వన్ వే క్లచ్ కలిసి చేసే పని ఇదే. నేను పట్టికలో ఎక్స్, వై రాసిన లెక్క కూడా ఇదే. రెండు వైపుల వేగాలు కలిపితే పెట్టె వేగానికి రెట్టింపు. మూడో వైపు సున్నా అయితే పెట్టెకు సగం. వాడికి ఎపిసైక్లిక్ అన్న పేరు ఇంకా తెలియదు.

మొన్న ఆదివారం సింహాచలం ఘాట్ ఎక్కించాడు. ఏడు పుస్తకాలు, పైన కందిపప్పు ప్యాకెట్. కటకటమంటూ ఎక్కేసింది. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి చూశారు. చూసి, "కిందికి దింపు. రివర్స్‌లో" అన్నారు.

ప్యాకెట్ తీసి, చదును మీద పెట్టి, మోటారు వెనక్కి తిప్పాడు. లారీ సగం వేగంతో పాకింది, తెల్ల గేరు ఆగకుండా జారుతూనే ఉంది. ప్యాకెట్ మళ్లీ పెడితే కదలనే లేదు. వాడు మొదట ఏదో ముక్క ఊడిందనుకున్నాడు. అన్నీ విప్పి చూశాడు, ఏదీ ఊడలేదు. తర్వాత ఇరుసును వేళ్లతో వెనక్కి తిప్పుతూ, మూడో వైపు మీద బొటనవేలు ఆనించి కూర్చున్నాడు. ముందుకు వెళ్లేటప్పుడు ఆసరా ఇచ్చిన పట్టే, వెనక్కి వెళ్లేటప్పుడు అడ్డం పడుతోంది. తెల్ల గేరు పూర్తి వేగానికి లాగుతుంటే, పట్టు సగం వేగం దగ్గర ఆపేస్తోంది. కొండ ఎక్కే బలం ఇచ్చిన దారి మాత్రం వెనక్కి పోయేటప్పుడు ఉత్తినే తిరిగిపోతోంది.

"అత్తా, రివర్స్‌కి వేరే దారి కావాలి. ఆ టైంలో ఈ పట్టు వదిలెయ్యాలి."

"ఎవరు వదలాలి?"

"అదే తెలుసుకోవాలి దానికి. మోటారు వెనక్కి తిరుగుతోందని."

సెన్సర్ మాట ఎత్తలేదు. నాన్న దగ్గర కత్తెర అడిగి తీసుకుని, ట్యూబు ముక్క కోయడం మొదలుపెట్టాడు.